గర్భసంచి గురించి అక్కతో తగువు

నా గర్భసంచి తీసేయమని డాక్టరుగారికి చెప్పింది నేను కాదు, మా అక్క. నేను పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. రిపోర్టు నా ఒళ్ళోనే ఉంది. డాక్టరుగారు అడిగింది కూడా నన్నే. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుని, "ఆయ్, తీసేయండి డాక్టరుగారూ. ఇంక అనుకునేదేముంది" అంది. ఆవిడ వెంటనే చీటీ మీద రాయడం మొదలుపెట్టారు.

అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పోయిందని రాస్తే అబద్ధమవుతుంది.

అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. రాజోలు వైపు ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కాపురం అమలాపురంలో. మా ఆయనకి ఐ.పోలవరం దగ్గర రొయ్యల చెరువులున్నాయి. పంట వేసిన రోజుల్లో ఆయన మనిషి ఇంట్లో ఉన్నా చెవి ఫోన్ మీదే ఉంటుంది, ఏ చెరువులో నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ ఆగిపోయిందోనని. మాకు పిల్లల్లేరు. రెండుసార్లు నిలిచింది, రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. ఆ తర్వాత కొన్నేళ్ళు ఆసుపత్రుల చుట్టూ తిరిగి, ఒకరోజు ఇద్దరం కూర్చుని ఇంక చాలనుకున్నాం. మేం మర్చిపోదామన్నా చుట్టూ ఉన్నవాళ్ళు మర్చిపోనివ్వరు, అది వేరే సంగతి.

నాకు నెలసరి మొదటినుంచీ సరిగా ఉండేది కాదు. రెండేసి నెలలు రాదు, వచ్చిందంటే పదిహేను రోజులు పోదు. ఆ ఏడు వేసవి సెలవులయ్యి బడులు తెరిచాక వచ్చింది మాత్రం ఇరవై రోజులు దాటినా ఆగలేదు. గడ్డలు గడ్డలుగా పడేది. బస్సులో సీటు దొరికినా కూర్చోవడానికి భయపడి రాజోలు దాకా నిలబడే వెళ్ళేదాన్ని. బీరువాలో లేతరంగు చీరలన్నీ అడుగుకి చేరాయి. ఒకరోజు పదో తరగతిలో పాఠం చెబుతుండగా కళ్ళు తిరిగాయి. ఎలాగో స్టాఫ్ రూములోకి వచ్చి కూర్చున్నాను. లేచేసరికి కుర్చీ ఖరాబయ్యింది. తలుపేసుకుని నేనే కడిగాను. కడుగుతుండగా హెడ్మాస్టరుగారు తలుపు తట్టి ఏమైందమ్మా అని అడిగితే, టీ ఒలికిందండీ అన్నాను. పిల్లలకి మానవ ప్రత్యుత్పత్తి పాఠం పటాలు గీసి మరీ చెప్పే మనిషిని. అలా అబద్ధమాడినందుకు నామీద నాకే ఒళ్ళు మండింది.

అమలాపురంలోనే ఒక నర్సింగ్ హోముకి వెళ్ళాను. రక్తపరీక్ష చేసి, ఒంట్లో రక్తం ఏడు పాయింట్లే ఉందన్నారు. ఇన్ని రోజులు ఎలా తిరిగారండీ అని నర్సు ఆశ్చర్యపోయింది. స్కానింగులో గర్భసంచి లోపలి పొర ఉండాల్సినదానికంటే బాగా మందంగా ఉందని తేలింది. స్కానింగ్ చేసే అమ్మాయి, పరికరం లోపల ఉండగానే, పిల్లలెంతమందండీ అని అడిగింది. లేరన్నాను. అయ్యో అంది. ఆ స్థితిలో పడుకున్న మనిషిని అయ్యో అనకూడదని ఆ పిల్లకి ఎవరూ నేర్పినట్టు లేరు.

మత్తిచ్చి లోపల శుభ్రం చేసి, తీసిన ముక్కని పరీక్షకి పంపాలన్నారు. ఆ సమయానికి మా ఆయన చెరువుల్లో వైట్ స్పాట్ తెగులు పడింది. రొయ్యలు గట్టు వారకి తేలుతున్నాయి. ఆయన అక్కడా ఉండలేక, ఇక్కడికీ రాలేక నలిగిపోయి, చివరికి మా అక్కకి ఫోన్ చేశారు. అక్క కొత్తపేట నుంచి మర్నాడు పొద్దున్నే సంచీతో దిగింది.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పటి నుంచి నాకు తలంటుపోసింది, చీర కట్టడం నేర్పింది, పెళ్ళిచూపుల్లో నా తరఫున మాట్లాడింది అదే. నా తరఫున మాట్లాడే అలవాటు దానికి అప్పుడే మొదలైంది. నేను కూడా ఎప్పుడూ వద్దనలేదు.

ముక్క తీసి పంపాక రిపోర్టు రావడానికి పది రోజులు పట్టింది. డాక్టరుగారు మాత్రం రిపోర్టు రాకముందే ఆపరేషన్ సంగతి ఎత్తారు. ఎలాగూ తీయాల్సిందేనండీ, ముందు రక్తం పట్టడానికి ఇంజెక్షన్లు మొదలుపెడదాం అన్నారు. ఇంజెక్షన్లు అవసరమే, చేయించుకున్నాను. రిపోర్టు వచ్చిన రోజు దాన్ని వరండాలో నిలబడి నేనే ముందు చదివాను. ఎండోమెట్రియల్ హైపర్‌ప్లేసియా అని ఉంది. దాని పక్కనే, ఎటిపియా లేదు అని ఉంది. హైపర్‌ప్లేసియా అంటే కణాలు లెక్కకి మించి పెరగడం. అంతవరకు నాకు తెలుసు. ఎటిపియా లేదంటే ఆ కణాల రూపం చెడలేదని అర్థం చేసుకున్నాను. సరిగ్గానే అర్థం చేసుకున్నానో లేదో అడుగుదామని లోపలికి వెళ్ళాను.

డాక్టరుగారు రిపోర్టు మీద ఒక చూపు చూసి, ఇది కాన్సర్‌కి ముందు మెట్టండీ, తీసేద్దామా, శుక్రవారం ఖాళీ ఉంది అన్నారు. అక్క ఆయ్ అన్నది అప్పుడే. ఎటిపియా లేదని రాసుంది కదండీ, దానికి మందులేమీ ఉండవా అని అడిగాను. ఆవిడ నవ్వారు. మీరు టీచరుగారు కదా, ఎక్కువ చదివి కంగారు తెచ్చుకోకండి అన్నారు. ఆలోచించుకుని చెబుతానన్నాను.

"ఆలోచించేదేముందండీ ఇందులో? దాంతో ఇంక మీకు పనేముంది?" అన్నారు.

నేను లేచి బయటికి వచ్చేశాను. వెనకాల అక్క ఆవిడకి క్షమాపణ చెబుతున్న మాటలు వినిపించాయి. దానికి కొంచెం కోపం ఎక్కువండీ, నేను నచ్చజెప్పి తీసుకొస్తాను అంటోంది.

తర్వాతి నాలుగు రోజులు మా ఇంట్లో యుద్ధమే. అక్క ఒక పక్కన నన్ను చేత్తో పని ముట్టుకోనిచ్చేది కాదు, ఇంకో పక్కన ఫోన్ పట్టుకుని చుట్టాలందరికీ కబురు చేరేసేది. కె.గంగవరంలో ఉన్న మా పిన్నిగారు ఫోన్ చేసి, మా కోడలికి కూడా తీసేరమ్మా, ఇప్పుడు బస్తా ఎత్తుతోంది అని చెప్పారు. ఎప్పుడో పెళ్ళిలో చూసిన దూరపు వదినగారు ఒకావిడ ఫోన్ చేసి, పోనీలెండి, ఆ నెలనెలా గొడవ వదులుతుంది అన్నారు. అందరూ ధైర్యమే చెప్పారు. ధైర్యం చెబుతున్నంతసేపూ, వాళ్ళు నా గురించి కాకుండా పాత ఇనప సామాను వేసేయడం గురించి మాట్లాడుతున్నట్టు ఉండేది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి మంచం మీద నా బట్టల సంచీ సర్ది ఉంది. మూడు నైటీలు, ఫ్లాస్కు, కంచం, గ్లాసు. శుక్రవారానికి. నేను సంచీని తిరగేసి అన్నీ మంచం మీద కుమ్మరించాను. అక్క వాటిని మళ్ళీ మడతపెట్టింది.

గురువారం పొద్దున్న అక్క వంటింట్లో కందబచ్చలి కూరకి కంద చెక్కుతోంది. చేతులకి నూనె రాసుకుని, పీట వేసుకుని కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడి, రేపు నేను రానని ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేశానన్నాను. కాకినాడలో ఇంకో డాక్టరుగారికి చూపించుకుంటానన్నాను. అక్క కత్తి ఆపలేదు. కాన్సర్ అని చెప్పేక కూడా ఈ షికార్లేమిటంది. కాన్సర్ అని ఎవరూ చెప్పలేదన్నాను. చెప్పేదాకా కూర్చుంటావా అంది. మాటా మాటా పెరిగింది. చివరికి కత్తి పక్కన పెట్టి తలెత్తి చూసింది.

"పిల్లలా, ఎలాగూ లేరు. ఇంక దాన్ని ఉంచుకుని ఏం చేస్తావే?"

ఈ మాట ఎవరో ఒకరు అంటారని నాలుగు రోజులుగా ఎదురుచూస్తూనే ఉన్నాను. ఎవరన్నా ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. అది మా అక్క నోటి నుంచి వచ్చేసరికి అనుకున్న జవాబు కాకుండా వేరేది వచ్చింది.

"నీకు తీసినప్పుడు రిపోర్టు ఉందా అక్కా? ముక్క పరీక్ష చేసేరా? తెల్లబట్టకీ నడుంనొప్పికీ వెళ్ళి తీయించుకొచ్చేవు. నీకు ఊరికే తీసేరు."

నేను గొంతు తగ్గించుకుని ఉండాల్సింది. తగ్గించలేదు. ఊరికే తీశారని ఇంకోసారి కూడా అన్నాను.

"ఆ కాయితం మీద సంతకం పెట్టింది నువ్వేగా" అంది అక్క.

అది నిజం. పదిహేడేళ్ళ కిందట, అక్కకి ముప్పై ఒకటో ఏట, కొత్తపేటలో ఒక చిన్న నర్సింగ్ హోములో దానికి ఆపరేషన్ జరిగింది. ఇద్దరు పిల్లలు పుట్టేశారు, సంచిలో పుండు ఉంది, ఉంచితే కాన్సర్ అవుతుందని చెప్పారు. బావగారు కోతల్లో ఉన్నారు. నేను అప్పుడే బీఎడ్ పూర్తిచేసి ఖాళీగా ఉన్నాను కాబట్టి తోడు వెళ్ళాను. థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు ఒక కాగితం తెచ్చి ఎవరైనా సంతకం పెట్టాలన్నారు. అది ఇంగ్లీషులో ఉంది. మా ఇంటి మొత్తానికి ఇంగ్లీషు వచ్చిన దాన్ని నేనే. పైన రెండు వాక్యాలు చదివాను. మిగతాది చదవలేదు. నర్సు చేయి చాపి నిలబడి ఉంది. సంతకం పెట్టేశాను. జీవశాస్త్రంలో డిగ్రీ ఉన్న మనిషిని, ఏ పరీక్ష చేసి పుండు ఉందన్నారండీ అని అడగలేదు. ఆ ప్రశ్న నాకు అప్పుడు తోచిందా లేదా అని ఎన్నోసార్లు ఆలోచించాను. తోచిందనే అనుమానం. అడగడానికి సిగ్గుపడి ఉంటాను.

అక్క చేతులు కడుక్కుంది. చెక్కిన కందని అలాగే గిన్నెలో నీళ్ళలో పడేసింది. పన్నెండు గంటల బస్సుకి కొత్తపేట వెళ్ళిపోయింది. నేను ఆపలేదు.

సాయంత్రం మా ఆయన చెరువుల నుంచి వచ్చారు. జరిగింది చెప్పాను. అంతా విని, నీ ఇష్టం అన్నారు. మొదటినుంచీ ఆయన అంటున్నది అదే. నాకు ఆ మాట వినీ వినీ అసహ్యం పుట్టింది. నీ ఇష్టం అంటే నాకు పట్టదని అర్థం అన్నాను. చెరువులో రొయ్యకి జబ్బు చేస్తే ముగ్గురు టెక్నీషియన్లని పిలిచి అడుగుతారే, నా విషయంలో ఒక్క ప్రశ్నయినా అడిగేరా అని నిలదీశాను.

"నన్నడిగితే తీయించేసుకోమంటాను. నాకు భయంగా ఉంది. అంటే మళ్ళీ నీకు కోపం వస్తాదని నీ ఇష్టం అన్నాను" అన్నారు.

కోపం రానే వచ్చింది. కానీ మొదటిసారి ఆయన నిజం చెప్పారు. మర్నాడు కాకినాడ నేను వస్తానన్నారు. వద్దన్నాను. నా పక్కన కూర్చుని నా బదులు ఎవరో జవాబు చెప్పడం ఇంక చాలనిపించింది.

శుక్రవారం అమలాపురంలో ఆపరేషన్ బల్ల మీద ఉండాల్సిన సమయానికి నేను యానాం మీదుగా కాకినాడ వెళ్ళే బస్సులో ఉన్నాను. నేనేదో ధైర్యంగా వెళ్ళాననుకోవద్దు. వంతెన దాటుతున్నంతసేపూ నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. ఈ మొండితనానికి చచ్చిపోతే, నా దినం నాడు కూడా వీళ్ళంతా మేం చెప్పేం కదా అంటారు.

కాకినాడ డాక్టరుగారు పెద్దావిడ. డెబ్భై దగ్గర ఉంటాయి. ఆవిడ మంచిగా మాట్లాడతారని ఎవరో చెప్పారు. మాట్లాడలేదు. ముందు బరువు చూసి, ఇంత బరువేమిటమ్మా, ఒంట్లో కొవ్వు కూడా ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది, పాఠం చెప్పే మనిషికి తెలియదా అన్నారు. షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించావంటే చెప్పలేకపోయాను. ఇన్ని నెలలు నెత్తురు పోతుంటే ఏం చేస్తున్నావన్నారు. నా ముఖం మండిపోయింది. లేచి వచ్చేద్దామా అనుకున్నాను. అప్పుడు ఆవిడ రిపోర్టు తీసుకుని చివరి అక్షరం దాకా చదివారు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశారు. ఈ రిపోర్టుని అలా చదివిన మొదటి డాక్టరు ఆవిడే.

తర్వాత తాపీగా చెప్పారు. ఎటిపియా ఉన్న రకమైతే తీయించుకోమనే అంటాను, ఆ రకంలో కాన్సర్ పక్కనే దాక్కుని ఉండొచ్చు. నీది ఆ రకం కాదు. కాన్సర్‌గా మారేది చాలా తక్కువమందిలో, అదీ ఏళ్ళ మీద. అండం సరిగా విడుదల కాకపోవడంతో ప్రొజెస్టెరాన్ లేక పొర అలా పెరుగుతూ పోయింది. ఆ హార్మోను బయటి నుంచి ఇస్తే ఎక్కువమందికి పొర మామూలుకి వస్తుంది. మాత్రలైనా వాడొచ్చు, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ అయినా వేయించుకోవచ్చు. లూప్ బాగా పనిచేస్తుంది, రోజూ గుర్తుపెట్టుకునే పని లేదు. ఏది చేసినా ఆరు నెలలకి మళ్ళీ ముక్క పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత ఇంకోసారి. తగ్గకపోయినా, రకం మారినా, నువ్వు పరీక్షలకి రాలేకపోయినా అప్పుడు ఆపరేషన్. ముందే ఆపరేషన్ కావాలన్నా చేస్తాను, తప్పు కాదు, దాని కష్టం దానికీ ఉంటుంది.

మీరైతే ఏం చేస్తారండీ అని అడిగాను.

"నాకేం తెలుసమ్మా? ఆ సంచి నాది కాదు" అన్నారు ఆవిడ.

కసురుకున్నట్టే ఉంది ఆ మాట. కానీ ఆ నెల రోజుల్లో ఆ సంచి నాదని ఒప్పుకున్నది ఆవిడొక్కరే.

వారం గడువు అడిగాను. ఆ వారం రోజులూ ఈ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు. ఆపరేషన్ అయితే ఒక్కసారితో భయం పోతుంది. మా ఆయన నిద్రపోతారు. చుట్టాలు ఊరుకుంటారు. లూప్ అయితే ఆరు నెలలు ప్రాణం అరచేతిలో పెట్టుకుని ఉండాలి. అన్నీ ఆపరేషన్ వైపే ఉన్నాయి. అయినా మనసు ఒప్పుకోలేదు. అందులో బిడ్డలు పుడతారన్న ఆశతో కాదు. అది ఎప్పుడో వదులుకున్నాను. రెండుసార్లు నన్ను మోసం చేసిన సంచి అది. దానిమీద నాకు ప్రేమేమీ లేదు. కాకపోతే అవసరం లేకుండా నా పొట్ట కోయించుకోవడానికి, దాంతో ఇంక పనేముందన్న మాట ఒక్కటీ కారణం కాకూడదనిపించింది. పట్టుదల అనుకున్నా నాకేం ఫర్వాలేదు. నిజంగా జబ్బు ముదిరితే అప్పుడు తీయించుకుంటాను, జబ్బుకి తీయించుకుంటాను.

లూప్ వేయించుకున్నాను. వేసేటప్పుడు నొప్పికి బల్ల అంచు పట్టుకున్న చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి. కొన్నాళ్ళు కొద్దికొద్దిగా నెత్తురు కనిపిస్తుంది, బెదిరిపోవద్దన్నారు. కొన్నాళ్ళంటే నాలుగు నెలలు. రోజూ ఒక మరక. ధారగా పోయేటప్పుడు తిట్టుకోవడానికి ఒక కారణమైనా ఉండేది, ఈ మరకలకి అదీ లేదు. రొమ్ములు సలిపేవి. ముఖం మీద ఈ వయసులో మొటిమలు. పిల్లల మీద, కండక్టర్ల మీద, మా ఆయన మీద అరిచేదాన్ని. తప్పు చేశానేమోనని ప్రతి వారం అనుకున్నాను. అలా అనుకున్నట్టు ఎవరికీ తెలియనివ్వలేదు. రాత్రి భోజనం తగ్గించి, సాయంత్రాలు కాలవగట్టు మీద నడవడం మొదలుపెట్టాను. నడుస్తుంటే తెలిసినవాళ్ళు ఆపి, ఆపరేషన్ అయ్యిందా అని అడిగేవారు. లేదంటే ముఖాలు అదోలా పెట్టేవారు.

అక్క ఆ ఆరు నెలలూ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. బావగారు మాత్రం మా ఆయనకి ఫోన్ చేసి ఎలా ఉందని అడిగేవారు. పక్కనుంచి అక్క అడిగిస్తోందని గొంతు వింటే తెలిసేది.

రెండో ముక్క పరీక్ష రోజు అమలాపురం బస్టాండులో కాకినాడ బస్సు ఎక్కి కూర్చున్నాను. బస్సు కదలబోతుండగా అక్క ఎక్కి నా పక్కన కూర్చుంది. మా ఆయన చెప్పి ఉంటారు. చేతిలో ఒక పాత ప్లాస్టిక్ కవరు ఉంది. ఎందుకొచ్చావని అడగలేదు. కాకినాడ దాకా అది కిటికీలోంచి, నేను ముందు సీటు వంక చూస్తూ కూర్చున్నాం.

డాక్టరుగారు నా పరీక్ష ముగించాక అక్క కవరు తెరిచి కాగితం బల్ల మీద పెట్టింది. అప్పుడర్థమైంది అదెందుకు వచ్చిందో. తన ఆపరేషన్ ఊరికే చేయలేదని పెద్ద డాక్టరు నోట చెప్పించి, నాకు వినిపించడానికి వచ్చింది. పదిహేడేళ్ళ నాటి డిశ్చార్జి కాగితం అది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి దాచుకుంది.

"నాకు కూడా జబ్బుంటేనే తీసేరు కదండీ? కాస్త దీనికి చెప్పండి" అంది.

డాక్టరుగారు కాగితాన్ని నా రిపోర్టు చదివినట్టే చదివారు. ముక్క పరీక్ష రిపోర్టు ఏదమ్మా అని అడిగారు. ఉన్నది ఇదేనండీ అంది అక్క. అప్పటికి నీ వయసెంతంటే ముప్పై ఒకటండీ అంది. ఆవిడ కళ్ళజోడు తీశారు. ఆపరేషన్ అయిన కొత్తలో ఒళ్ళంతా ఆవిర్లు రావడం, చెమటలు, నిద్రపట్టకపోవడం ఉండేవా అని అడిగారు. అక్క ఆశ్చర్యంగా, ఉండేవండీ, వేడి చేసిందని సబ్జా గింజలు తాగేదాన్ని అంది. మోకాళ్ళు, నడుము నొప్పులున్నాయా అన్నారు. ఆయ్ అంది.

"గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసేరమ్మా, ఆ ఆవిర్లు అందుకే. నీకు చెప్పలేదా?" అన్నారు ఆవిడ.

అక్క డాక్టరుగారిని కాదు, నన్ను చూసింది. అప్పట్లో సంతకానికి నా చేతికి ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో, నేను చదవని మూడో వాక్యంలోనో నాలుగో వాక్యంలోనో అది ఉండి ఉంటుంది. నాకు తెలియదక్కా అన్నాను. తెలియకపోవడం కూడా నిజమే. చదివి ఉంటే తెలిసేది, అదీ నిజమే.

జబ్బుండి తీశారో లేదో ఈ కాగితం చూసి చెప్పలేనన్నారు డాక్టరుగారు. ఉందని రుజువు మాత్రం ఇందులో లేదన్నారు. అండాశయాలు లేకపోతే ఎముకలు పలచబడతాయని ఎముకల పరీక్ష రాసిచ్చారు. తిరుగు బస్సులో అక్క యానాం దాటేదాకా ఏడవలేదు. వంతెన ఎక్కాక ఏడ్చింది. నేను దాని చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది.

"నువ్వా గొడవ పెట్టకపోతే నాకు తెలిసేది కాదు. తెలీకుండా ఉంటేనే బాగుండేది" అంది.

నా రిపోర్టు మామూలుగానే వచ్చింది. పొర తగ్గింది, హైపర్‌ప్లేసియా లేదని రాసి ఉంది. ఆ తర్వాత ఇంకో ఆరు నెలలకి చేసిందీ అలాగే వచ్చింది. లూప్ ఉంచుకోవాలి, ఏడాదికోసారి చూపించుకోవాలి. మళ్ళీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేదు. మా ఆయన ఆ రిపోర్టు చూసి పూజగదిలోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. అప్పుడు ధైర్యం చెప్పిన చుట్టాలెవరూ ఫోన్ చేసి ఎలా వచ్చిందని అడగలేదు.

అక్క ఎముకలు వయసుకి మించి పలచబడ్డాయని తేలింది. మందులు వాడుతోంది. వాటిని తెప్పించే పని నాది. ఇచ్చేటప్పుడు వాడే పద్ధతి చెబుతాను, అది వింటుంది, అంతకుమించి మాటలుండవు. మొన్న చవితి వెళ్ళాక ఒకరోజు అదే ఫోన్ చేసి, ఆ నర్సింగ్ హోముకి వెళ్ళి అడుగుదాం, నువ్వు రా అంది. వెళ్ళాం. కొత్తపేటలో ఆ సందు కనుక్కోవడానికి పావుగంట పట్టింది. నర్సింగ్ హోము ఎప్పుడో ఎత్తేశారు. ఆ గదుల్లో ఇప్పుడు పైపులు, బోరు మోటార్లు అమ్ముతున్నారు. కౌంటర్లో ఉన్నతను లేచి, ఏం కావాలండీ అని మర్యాదగా అడిగాడు. అక్క లోపలి గోడల వంక, పైకప్పు వంక చూసింది. ఏమీ వద్దండీ అంది.

బయటికొచ్చాక, ఈ సంగతి ముందే కనుక్కుని చెప్పొచ్చుగా, ఎండలో ఇంత దూరం నడిపించేవని నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నేనూ ఊరుకోలేదు. రమ్మంది నువ్వేనన్నాను. దాని ఇంటిదాకా అలా తగువాడుకుంటూనే నడిచాం.